గొంగళి ఎలుగు

మా వడ్డాదిలో పిల్లల భయానికి మందు ఎలుగుబంటి. చంటిది నిద్రలో ఉలిక్కిపడి లేచినా, రాత్రిపూట చెరుకు తోటల్లో నక్కల కూతకి జడుసుకుని ఒళ్ళు కాలిపోతున్నా, దడుపు జ్వరం అని పెద్దవాళ్ళు ఇట్టే తేల్చేసేవారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసేవారు. ఆంజనేయస్వామి సింధూరం పెట్టేవారు. అప్పటికీ తగ్గకపోతే, ఎలుగుబంటివాడు ఎప్పుడొస్తాడా అని ఎదురు చూసేవారు. 1970ల నాటి మాట ఇది.

అతను వచ్చేది ఎక్కువగా సంక్రాంతి వెళ్ళాక, గానుగలు ముమ్మరంగా ఆడే రోజుల్లో. చోడవరం నుంచి మాడుగుల పోయే దారిలో మా ఊరు. పక్కన పెద్దేరు, కొండ మీద వెంకన్నబాబు గుడి, చుట్టూ చెరుకు. ఆ కాలంలో ఏ గట్టు మీద నిలబడ్డా ఉడుకుతున్న పానకం వాసన తగిలేది. అనకాపల్లి బెల్లమని పేరు మోసిన దిమ్మలు ఎన్నో మా వైపు పెనాల్లో పుట్టినవే. ఎలుగుబంటికి తీపంటే ప్రాణం. దాన్ని ఆడించే మనిషి ఆ రోజుల్లోనే మా వైపు రావడానికి అదొక కారణం అయ్యుంటుంది.

ముందు డమరుకం వినిపించేది. వెనకే కుక్కల మొరుగుడు. అతను కూడలిలో ఆగేసరికి వీధి వీధంతా అక్కడుండేది. ఎలుగుబంటి వెనక కాళ్ళ మీద లేచి దణ్ణం పెట్టేది. కర్ర భుజాన వేసుకుని, అత్తారింటికి పోయే అల్లుడి నడక నడిచి చూపించేది. ఆట అయ్యాక అసలు పని. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వరస కట్టేవారు. తవ్వెడు బియ్యం, ఒక పావలా, దానికో బెల్లం ముక్క. అతను పిల్లని అందుకుని ఎలుగు వీపు మీద కూర్చోబెట్టి నాలుగడుగులు నడిపించేవాడు. చివర్లో దాని మెడ దగ్గర కాసిని వెంట్రుకలు పీకి తల్లి చేతిలో పెట్టేవాడు.

నన్ను తీసుకెళ్ళింది మామ్మ. నేను ఆవిడ కొంగులో దూరిపోయాను.

"ఎక్కవే గుంటా. ఏటీ సెయ్యదు. ఒక్కపాలి ఎక్కితే ఇంక రేత్రిళ్ళు ఉలిక్కిపడి లెగవు" అంది.

ఎక్కాను. ఆ వెంట్రుకలు పొడుగ్గా, ముతగ్గా, చేతికి గుచ్చుకునేలా ఉన్నాయి. వేళ్ళు లోపలికి పోనిస్తే అడుగున ఒళ్ళు వేడిగా తగిలింది. అడుగు వేసినప్పుడల్లా నా కింద దాని భుజాల ఎముకలు ఒకటి తర్వాత ఒకటి పైకి లేచి దిగుతున్నాయి. దుమ్ము వాసన, బెల్లం వాసన. దాని ఊపిరి బరబరమని వినిపించేది. దిగాక, ఏడుపు ఎప్పుడు ఆపానో నాకే తెలియలేదు.

వెంట్రుకల్ని మామ్మ కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళింది. చిటికెన వేలి గోరంత రాగి గొట్టంలో వాటిని మెలిపెట్టి కూరి, రెండు మూతులూ లక్కతో మూసి, నల్లదారానికి ఎక్కించి ఇచ్చాడు. మెడలో అది ఉన్నన్నాళ్ళూ నేను రాత్రులు లేవలేదు. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. వెంట్రుకలో ఏ మందూ లేదని ఇప్పుడు తెలుసు. అయినా ఆ వయసు పిల్లకి లోకంలోకెల్లా భయంకరమైన జంతువు తన వీపు మీద చోటిచ్చింది. ఆ తర్వాత నక్క ఎంత కూస్తే ఏమిటి?

ఎలుగుబంటే ఎందుకని అడిగితే మామ్మ జాంబవంతుడి పేరు చెప్పేది. సముద్రం ఒడ్డున వానరులంతా దిగాలుపడి కూర్చున్నప్పుడు, ఓ మూల మాటా పలుకూ లేకుండా ఉన్న హనుమంతుడి దగ్గరికి వెళ్ళి, నీ బలం నువ్వు మరిచిపోయావయ్యా అని గుర్తుచేసింది ఆ ముసలి భల్లూకమే కదా. హనుమంతుడి జంకే పోగొట్టినవాడికి నీ జంకు ఒక లెక్కా అనేది. వినాయక చవితినాడు అదే పెద్దాయన మళ్ళీ కథలోకి వచ్చేవాడు. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉండడం వల్ల మా వైపు చవితి అంటే పెద్ద సంబరం. అక్షింతలు చేతిలో పట్టుకుని శమంతకమణి కథ వింటుంటే, నాకు కృష్ణుడి మీద కన్నా గుహ మీదే ధ్యాస ఉండేది. సింహాన్ని చంపి మణి తెచ్చిన ఎలుగురాజు దాన్ని ఏం చేశాడు? కిరీటంలో పెట్టుకోలేదు, దాచుకోలేదు, కూతురికి ఆటవస్తువుగా ఇచ్చాడు, ఊయలకి కట్టాడు. ఇరవై ఎనిమిది రోజులు కృష్ణుడితో కలియబడ్డవాడు ఇంట్లో పిల్లని ఊయల్లో ఆడించే తండ్రి. ఆ రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయన్నది నాకు బాగా నచ్చేది. ఇప్పటికీ నచ్చుతుంది. ఎలుగుబంటి బొమ్మని మనుషులు ఎందుకంతగా ప్రేమిస్తారని ఎవరైనా అడిగితే నేను ఆ గుహ నుంచే మొదలుపెడతాను.

ఎలుగుబంటివాడు వెళ్ళిపోయాక అది కావాలని నేను రాగం తీశాను. రెండు రోజులు భరించి మూడో రోజు మామ్మ తాతయ్య పాత గొంగళి బయటికి తీసింది. అంచులు చిరిగి, మధ్యలో పురుగు కొట్టేసిన నల్ల గొంగళి. బొగ్గుముక్కతో గీత పనికిరాదు, నల్ల మీద నలుపు కనిపించదు. అందుకని సుద్దముక్కతో ఒక గుండ్రం, దాని కింద ఒక పెద్ద గుండ్రం, నాలుగు గొట్టాలు గీసింది. పెద్ద సూదితో లోపలి వైపు నుంచి కుట్టి, తిరగేసి, అందులోకి బూరుగు దూది కూరింది. బూరుగు దూది మెత్తదనం చెప్పనక్కర్లేదు. ఒక్కటే చిక్కు, గింజలు ఏరకపోతే ఎలకలు కొరుకుతాయి. ఆ గింజలు ఏరింది అప్ప, అంటే మా అక్కా, నేనూ. ముక్కుల్లోకి దూది పోయి ఇద్దరం తెగ తుమ్మాం. కళ్ళకి చొక్కా గుండీలు తెల్లవి కుట్టబోతే నేను ఒప్పుకోలేదు. నాన్న పాత కోటుకి మిగిలిన నల్ల గుండీలు రెండు దొరికాయి. చివర్లో మామ్మ తెల్లదారం సూదికి ఎక్కించి, గుండె మీద ఏటవాలుగా రెండు గీతలు కుట్టింది. మన అడవుల ఎలుగుబంటి రొమ్ము మీద తెల్ల మచ్చ, కొంగలు ఎగిరే వరస తీరున, కోణంగా ఉంటుంది. ఒకే ఒక్కసారి దగ్గర నుంచి చూసి దాన్ని గుర్తుపెట్టుకుంది ఆవిడ.

అది ఎలుగని మా ఇంట్లోవాళ్ళం తప్ప ఎవరూ పోల్చలేకపోయారు. పేరు ఎలుగ్గాడు. గరుకుగా ఉండేవాడు, బుగ్గ ఆనిస్తే ఎర్రగా గీతలు పడేవి. అయినా వాడు లేకుండా నేను పడుకున్న రాత్రి లేదు.

కొన్నాళ్ళకి మా వీధిలోకి మరో ఎలుగుబంటి వచ్చింది. అలా అని మాకు తెలియలేదు. ఒకాయన విశాఖపట్నంలో ఓడల పని చేసేవారు. పై దేశపు ఓడ మీద వచ్చిన ఒక నావికుడు ఇచ్చాడని కూతురికి ఒక బొమ్మ తెచ్చారు. తేనె రంగు ఒళ్ళు, గాజు కళ్ళు, మెడకి పట్టు రిబ్బను. అరుగు మీద పెట్టి చూపిస్తే కుక్కపిల్లని ఒకరు, కోతి అని ఒకరు, పిల్లి అని ఒకరు వాదించుకున్నాం. తేనె రంగు ఎలుగుబంటిని మేమెక్కడ చూశాం? మా ఎలుగు నల్లనిది. ఆ బొమ్మ పేరు టెడ్డీ బేర్ అనీ, దాని వెనక ఒక కథ ఉందనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదివినప్పుడు ఒక విషయం నన్ను నిలవేసింది.

1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ అడవుల్లో ఎలుగుబంట్ల వేటకి వెళ్ళాడు. అధ్యక్షుడికి ఒక్కటీ దొరకలేదు. వేటకి దారి చూపించే హోల్ట్ కాలియర్ అనే ఆయన, పుట్టుకతో బానిస, ఆ ప్రాంతంలో అతన్ని మించిన వేటగాడు లేడు. అతను ఒక ఎలుగుని పట్టి, కొట్టి, చెట్టుకి కట్టేసి అధ్యక్షుడికి కబురు పెట్టాడు. వచ్చి కాల్చుకోవచ్చని. రూజ్‌వెల్ట్ కాల్చనన్నాడు. కట్టేసిన జంతువుని కాల్చడం వేట కాదన్నాడు. ఆ సంగతి మీద క్లిఫర్డ్ బెర్రీమన్ వేసిన కార్టూన్ నవంబరు 16న వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చింది. ఆ తర్వాత ఆయన అదే బొమ్మని మళ్ళీ మళ్ళీ వేస్తూ పోతే ఎలుగు చిన్నదవుతూ, చెవులు గుండ్రమవుతూ, కళ్ళు పెద్దవవుతూ వచ్చింది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడుపుకునే మోరిస్ మిక్టమ్ ఆ కార్టూన్ చూశాడు. అతని భార్య రోజ్ గుడ్డతో ఒక ఎలుగుపిల్లని కుట్టింది. కొట్టు అద్దంలో పెట్టి, అధ్యక్షుడి ముద్దుపేరు తగిలించారు. రష్యా నుంచి వలస వచ్చిన ఆ దంపతుల కొట్టు తర్వాత పెద్ద బొమ్మల కంపెనీ అయింది.

అదే ఏడాది జర్మనీలో గీంగెన్ అనే ఊళ్ళో ఇంకొకరు ఎలుగుని కుడుతున్నారు. మార్గరెటె ష్టైఫ్ ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి, జీవితమంతా చక్రాల కుర్చీలో గడిపిన మనిషి. సూదులు గుచ్చుకోడానికని చేసిన ఫెల్ట్ ఏనుగు బొమ్మతో ఆవిడ వ్యాపారం మొదలైంది. పిల్లలు దాన్ని ఆడుకోడానికి లాక్కుపోయారు. ఆవిడ మేనల్లుడు రిచర్డ్ జంతుప్రదర్శనశాలలో కూర్చుని ఎలుగుల బొమ్మలు గీసుకుని, కాళ్ళూ చేతులూ తిరిగే ఎలుగుని తయారుచేశాడు. 1903లో లైప్‌జిగ్ బొమ్మల సంతలో ఒక అమెరికా వర్తకుడు ఒకేసారి మూడు వేలు కావాలన్నాడు. 1907కి వచ్చేసరికి ఆ ఒక్క కార్ఖానాలో ఏడాదికి 9 లక్షల 74 వేల ఎలుగులు తయారయ్యాయి. తొలినాళ్ళలో వాటి కళ్ళు బూట్లకి వాడే నల్ల గుండీలు. మా మామ్మ గీంగెన్ పేరు విని ఉండదు, నల్ల గుండీ మాత్రం వెతికి తీసింది.

నన్ను నిలవేసిన విషయం ఇది కాదు. చెట్టుకి కట్టేసిన ఆ ఎలుగుబంటి ఏమైంది? రూజ్‌వెల్ట్ కాల్చలేదు, నిజమే. అప్పటికే అది బాగా దెబ్బలు తిని ఉంది, బాధ పడకుండా చంపెయ్యమన్నాడు. కత్తితో చంపేశారు. ప్రపంచంలో ప్రతి పిల్ల పక్కనా పడుకున్న టెడ్డీకి మూలం తాడుతో కట్టేసిన ఒక ఎలుగు. నా భయం పోగొట్టింది కూడా తాడుతో కట్టేసిన ఎలుగే.

ఆ తాడు ఎక్కడ ఉందో నేను అప్పుడూ చూశాను. దాని ముక్కుకి పైన, ముట్టెలోంచి దూరి బయటికి వచ్చింది. ఆవుకీ ఎద్దుకీ ముకుతాడు చూసిన పిల్లకి అది వింతగా అనిపించలేదు. కాల్చిన ఇనుపసూదితో ఆ కన్నం పొడుస్తారని, మత్తు కూడా ఇవ్వరని, కోరపళ్ళు రాలగొడతారని, అడవిలో పిల్లల్ని పట్టడానికి ముందు తల్లిని చంపుతారని పెద్దయ్యాక చదివాను. ఇంకొకటి కూడా చదివాను, దాన్నించి నేను ఇప్పటికీ తేరుకోలేదు. మన దేశపు ఎలుగుబంటి, చెదలూ చీమలూ తేనే తిని బతికే నల్ల ఎలుగు, పిల్లల్ని వీపు మీద మోసుకు తిరుగుతుంది. లోకంలో ఉన్న ఎలుగుజాతుల్లో అలా అలవాటుగా మోసేది ఇదొక్కటే. భుజాల మధ్య పొడుగాటి వెంట్రుకల్ని పిల్లలు పిడికిళ్ళతో పట్టుకుని కూర్చుంటాయట. మమ్మల్ని కూర్చోబెట్టింది సరిగ్గా ఆ చోటే. మేం పట్టుకున్నది ఆ వెంట్రుకలే. తల్లి వీపు మీంచి లాగేసిన జంతువు, మనుషుల పిల్లల్ని తల్లి మోసినట్టు మోసింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఎలుగుల్ని పట్టడం, ఆడించడం నేరమైంది. చట్టం వచ్చాక కూడా మా కూడలికి డమరుకం చాలా కాలం వచ్చింది. దానిమీదే ఆధారపడ్డ కలందర్ కుటుంబాలకి వేరే బతుకు చూపించనిదే ఆగేది కాదు. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ ఆ పని పెట్టుకుంది. ఎలుగుని అప్పగించిన కుటుంబానికి చిన్న వ్యాపారానికి పెట్టుబడి, పిల్లలకి చదువు. 2002 చివర్లో మొదటి ఎలుగులు ఆగ్రా దగ్గరి ఆశ్రయానికి చేరాయి, 2009 డిసెంబరులో చివరి ఆడే ఎలుగుని బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో విడిపించారు. పళ్ళు లేని ఆ ముసలి ఎలుగులకి జావ కాచి పోస్తారు. నా దృష్టిలో మన దేశంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి, దీని గురించి మనం పెద్దగా చెప్పుకోం.

బొమ్మ దగ్గరికి వస్తాను. పిల్లకి గుడ్డముక్క మీద అంత పంతం ఎందుకని పశ్చిమ దేశాల్లో పెద్దవాళ్ళు చాలా ఆలోచించారు. లండన్‌లో పిల్లల వైద్యుడు డొనాల్డ్ విన్నికాట్ 1951లో దీని మీద ఒక వ్యాసం చదివాడు. పసిబిడ్డ తల్లి నుంచి విడిపడి లోకంలోకి నడిచే దారిలో చేత్తో పట్టుకునే మొదటి ఆస్తి అది అన్నాడు. బొంత మూల కావచ్చు, దూది బొమ్మ కావచ్చు. అది పూర్తిగా బిడ్డలో భాగమూ కాదు, పూర్తిగా పరాయిదీ కాదు. దాన్ని ఉతకొద్దని తల్లులకి తెలుసని కూడా రాశాడు, ఉతికితే బిడ్డ అనుభవం మధ్యలో తెగిపోతుందట. ఈ మాటకి నేను సాక్షిని. ఒక శ్రావణ మాసంలో అమ్మ ఎలుగ్గాడిని కుంకుడు రసంలో ముంచి ఉతికి ఎండలో వేసింది. బూరుగు దూది ఉండలు కట్టడం అలా ఉంచితే, వాడి వాసన పోయింది. పొయ్యి పొగా, నా తలనూనే, మామ్మ వేసుకునే తమలపాకూ కలిసిన వాసన. రెండు రాత్రులు వాడిని దగ్గరికి రానివ్వలేదు. మామ్మ ఏమీ అనకుండా తన దిండు కింద పెట్టుకుని పడుకుని, మూడోనాడు తిరిగి ఇచ్చింది.

మన ఇళ్ళలో చాలామందికి ఆ పాత్ర అమ్మ పాత చీరది. చీర కొంగు చెంపకి ఆనించుకుంటే తప్ప నిద్రపోని పిల్లలు ప్రతి వీధిలో ఉంటారు. విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో 1958లో ప్రకటించిన కోతిపిల్లల ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు ఆ చీరలే కళ్ళలో మెదిలాయి. రెండు ఉత్తుత్తి తల్లులు. ఒకటి తీగతో చేసింది, పాలసీసా దాని దగ్గరే. ఇంకొకటి మెత్తటి గుడ్డ చుట్టింది, పాలు లేవు. పిల్లలు పాలు తాగడానికి తీగ దగ్గరికి వెళ్ళి, మిగతా పొద్దంతా గుడ్డని కరుచుకుని ఉన్నాయి. భయపెట్టడానికి వాటి ముందు డోలు వాయించే ఎలుగుబంటి బొమ్మని వదిలేవారు. పిల్ల పరుగున పోయి గుడ్డ తల్లిని పట్టుకునేది, కాసేపటికి మెడ తిప్పి ఆ బొమ్మ వైపే ధైర్యంగా చూసేది. మా కూడలిలో జరిగింది కూడా ఇంతే. మామ్మ కొంగు ఒక చేత్తో, ఎలుగు వెంట్రుక ఒక చేత్తో. ఆ ప్రయోగంలో కోతిపిల్లలు పడ్డ యాతన తలుచుకుంటే మాత్రం మనసు ఒప్పదు.

విన్నికాట్‌తో ఒక్క చోట నాకు పేచీ. పెద్దయ్యాక ఆ వస్తువుని పిల్లలు మరిచిపోరు గానీ, దాని కోసం దుఃఖించరు కూడా, అది మెల్లగా పక్కకి జరిగిపోతుంది అన్నాడాయన. బొమ్మలు పోగుచేసేవాళ్ళని చూస్తే అలా అనిపించదు. ఇంగ్లండ్ నటుడు పీటర్ బుల్ పదహారేళ్ళ వయసులో బడి నుంచి ఇంటికి వచ్చేసరికి తల్లి అతని ఎలుగుని పాతసామాన్ల అమ్మకానికి ఇచ్చేసింది. ఆ లోటు అతన్ని వదల్లేదు. పెద్దయ్యాక వందల ఎలుగులు చేరదీశాడు, తన లాంటివాళ్ళ కథలు అడిగి తెలుసుకుని 1969లో పుస్తకం వేశాడు. కల్నల్ బాబ్ హెండర్సన్ అనే సైనికుడు చిన్ననాటి ఎలుగుని యుద్ధంలో కూడా వెంట ఉంచుకున్నాడు. ఆయన పోయాక, 1994లో లండన్ వేలంలో ఆ ఎలుగుకి లక్షా పదివేల పౌండ్లు పలికింది, కొన్నది జపానులో టెడ్డీల మ్యూజియం పెట్టిన వ్యాపారి. టైటానిక్ ఓడ మునిగిన 1912లో ష్టైఫ్ కంపెనీ బ్రిటన్ కోసం కొన్ని వందల నల్ల ఎలుగులు చేసింది. దుఃఖంలో ఉన్న దేశానికి నల్ల ఎలుగు. వాటిలో మిగిలినవాటి కోసం ఇవాళ పోటీ పడతారు. ధర గురించి నాకు ఆసక్తి లేదు. చిరిగిన చెవి, అరిగిన ముక్కు, పెదవి దగ్గర ఊడిన వెంట్రుక కోసం వెతికే కళ్ళ మీదే నా ఆసక్తి. ఎవరో ఒక పిల్ల దాన్ని ఎన్ని రాత్రులు ముద్దు పెట్టుకుందో ఆ అరుగుదలే చెబుతుంది.

బొమ్మలు పోగుచెయ్యడం మనకి కొత్త కాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఏటేటా ఒక కొత్త బొమ్మ చేరాలి, తల్లి పెట్టె కూతురికి పోవాలి. మాకు కొండపల్లి కన్నా ఏటికొప్పాక దగ్గర. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రని తరిమెన పట్టి, అది తిరుగుతుండగానే రంగు లక్క అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, మొగలి ఆకుతో రుద్దితే నిగారింపు వస్తుంది. అనకాపల్లి నూకాలమ్మ తీర్థానికి వెళ్తే జీళ్ళ పొట్లంతో పాటు ఒక బుట్టెడు లక్కపిడతలు ఇంటికి రావాల్సిందే. రసాయనాల రంగులు వచ్చి చేరాక వాటిని వదిలించి, పసుపూ చెట్ల బెరళ్ళూ గింజల రంగుల వైపు మళ్ళించడానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డ సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. పిల్ల నోట్లో పెట్టుకునే వస్తువు మీద అంత శ్రద్ధ పెట్టిన ఊరు మా పక్కన ఉండడం నాకు గర్వం.

అయితే కొలువు బొమ్మకీ, పక్కలో బొమ్మకీ తేడా ఉంది. కొలువు బొమ్మని ముట్టుకుంటే చెయ్యి మీద ఒకటి పడేది. అది చూడ్డానికి, నలుగుర్ని పిలిచి చూపించడానికి. పక్కలో బొమ్మని ఎవరికీ చూపించం. ఎలుగ్గాడిని కొలువులో కింది మెట్టు మీద పెడతానని నేను ఒకసారి అడిగితే అమ్మ వద్దంది. మామ్మ మాత్రం, "ఆడికి కొలువెందుకే, ఆడి పని రేత్రి కదా" అంది.

ఉత్తరాంధ్రలో నిజం ఎలుగులు ఇంకా ఉన్నాయి. శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి వస్తాయి. వాటి కొండలు తగ్గిపోతున్నాయి, మనుషులూ అవీ ఎదురుపడుతున్నారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు దాడిలో మనిషి చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. మత్తుసూది వేసి పట్టిన ఆ ఎలుగు విశాఖ జంతుశాలకి చేరకుండానే చచ్చిపోయింది. తోటకి వెళ్ళడానికి భయపడే ఆ ఊరి మనిషికి టెడ్డీ కబుర్లు చెప్పే హక్కు నాకు లేదు. ఆ రెండు చావులూ వేరువేరుగా బాధపెడతాయి, అంతే. భయం లేకుండా ఇద్దరూ బతికేలా కొండకి కొండ, తోటకి తోట మిగలాలని కోరుకుంటాను.

ఎలుగ్గాడు ఇప్పుడు టెక్సాస్‌లో ఉన్నాడు. మామ్మ పోయాక చాలా ఏళ్ళు నా బీరువాలో ఉండి, అప్ప కూతురికి పిల్ల పుట్టినప్పుడు వాళ్ళతో వెళ్ళాడు. ఆ పిల్లకి కొట్లో కొన్న ఎలుగులు అలమరా నిండా ఉన్నాయి, పింకువీ తెల్లవీ. పడుకునేది మాత్రం ఈ గరుకువాడితోనే. పోయిన చలికాలం వాడి చెయ్యి ఊడిపోయిందని ఫోను వచ్చింది. అక్కడి గుడ్డ ఏదీ వాడి ఒంటికి నప్పలేదట. అనకాపల్లి దుప్పటి కొట్లలో అడిగాను, నల్ల గొంగళి దొరకలేదు. చివరికి అనంతపురం జిల్లాలో ఉన్న స్నేహితురాలు చేతిమగ్గం గొంగళి ముక్క పంపింది. దానికి గింజలు ఏరిన బూరుగు దూది, నల్లదారం ఉండ కలిపి ఇక్కడి నుంచి వెళ్తున్న వాళ్ళ చేతికిచ్చాను. ఎట్టి పరిస్థితుల్లోనూ ఉతకొద్దని అప్ప కూతురికి ఫోన్‌లో చెప్పాను. చెయ్యి కుట్టడం అయ్యాక పిల్ల ఫోన్ లాక్కుంది. గుండె మీద తెల్లగీతలు చెరిగిపోయాయి, వాటిని కూడా కుట్టాలి, ఎలా ఉండేవి అమ్మమ్మా అని అడిగింది. అలమరాలో ఉన్న ఎలుగుల వైపు చూడొద్దు, మన అడవి ఎలుగుబంటి ఫొటో వెతికి, దాన్ని చూసి కుట్టించుకోమన్నాను.